వెనకే దగ్గు

అమ్మాయి కంప్యూటర్ తెర మీది డబ్బాలను గీతలతో కలిపి, నా చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించింది.

"మాట్లాడు నాన్నా. మన పాతింటి గదిలో మాట్లాడినట్టే వినిపిస్తుంది."

ఆ ఇల్లు ఖాళీ చేసేముందు ఆ గదిలో నాచేత ఒక్కసారి చేతులు చరిపించి రికార్డు చేసుకుంది. ఆ ఒక్క చప్పుడు ప్రతిధ్వనిలో గది గదంతా ఉంటుందట; ఇప్పుడు ఏ మాటన్నా దాని వెనక అదే తగిలిస్తుందట.

"ఊఁ" అన్నాను. గది ఊఁ అంది. వెనకే దగ్గు.

"అయ్యో, ఆ రికార్డులో అమ్మ దగ్గు కూడా పడిపోయింది! సద్దు చేయకే తల్లీ అని ఎంత బతిమాలానో. ఇక నువ్వేమన్నా వెనకే దగ్గుతుంది. ఉండు, కత్తిరించేస్తా."

"ఒక్క నిమిషం."

మైకు దగ్గరికి జరిగాను.

"మందేసుకున్నావా?"

దగ్గింది.

ఆవిడ బతికున్నన్నాళ్లూ ఈ మాట అమ్మాయే అడిగేది. నేను పేపరు చదువుకునేవాణ్ణి.