మిగిలిన ముద్ద

"వింటున్నావా అమ్మా? రేపు ఈ ఇంజెక్షన్ మొదలెట్టాక ఆకలి బాగా తగ్గిపోతుందట. పొట్ట నిండాక ఇంకో ముద్ద తిన్నా వాంతులేనట," అంది కూతురు, మందు పెట్టెను ఫ్రిజ్‌లో సర్దుతూ.

"వింటున్నాలే."

బరువు తగ్గకపోతే మోకాళ్లు దక్కవని డాక్టరు చెప్పినప్పటి నుంచి తల్లి దేనికీ ఎదురు చెప్పడం లేదు. భర్త సగంలో వదిలేసి టీవీ చూడ్డానికి లేచిపోయిన కంచం తీసి, నిలబడే ఆ అన్నం నోట్లో పెట్టుకుంది.

"ఇప్పుడేగా తిన్నావు! ఇంకా ఆకలేస్తోందా?"

"ఆకలేమిటే, నా మొహం! పారేయలేక."

"మరి పొద్దున?"

"మీ తమ్ముడు దోసె సగం కొరికి పడేసి పోయాడుగా."

"అసలు నువ్వు ఆకలేసి తిన్నదెప్పుడమ్మా?"

తల్లి ఆలోచించింది. ఎంతకీ గుర్తు రాలేదు.

"అది సరే గానీ, రేపట్నించి ఇవన్నీ ఎవరు తింటారే?" అంది నీరసంగా.

ముందుగదిలో టీవీ ఆగిపోయింది. భర్త వచ్చి, ఆమె చేతిలోని కంచం అందుకుని, తన కుర్చీలో కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"చల్లారిపోయిందే!"

"అది ఎప్పుడూ అలాగే ఉంటుందండీ," అంది ఆమె.

ఆయన తల దించుకుని రెండో ముద్ద కలుపుకున్నాడు.