కొత్త రాక్షసుడు

నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, అమ్మాయి ఎదురుగా పాచికలు, రంగు పెన్సిళ్లు పరుచుకుని కూర్చుంది. రేపు స్నేహితులతో ఆడే ఆటకి ఒక కార్డు మీద కొత్త రాక్షసుణ్ణి తయారు చేస్తోంది.

"నాన్నా, వీడికి కోరల్లేవు. ఎవర్నీ కొట్టడు."

"ఊఁ."

"ఇంట్లోనే తిరుగుతుంటాడు. కానీ పక్కన కూర్చున్నవాళ్లకి చలేస్తుంది."

"ఊఁ."

ఇస్త్రీపెట్టె వేలికి తగిలింది. వేలు పక్కకి జరిపి, కాలరు మళ్లీ రుద్దాను. అమ్మాయి నా వేలి వంక చూసి, పెన్సిల్ చేతికి తీసుకుంది.

"ఎన్ని కత్తులు దిగినా వీడికి నొప్పి తెలీదు. అదే వీడి బలం."

"ఊఁ."

"అయిపోయింది, చూడు" అంటూ కార్డు తెచ్చి చొక్కా మీద పెట్టింది.

బొమ్మలో రాక్షసుడి చొక్కా మడత నలగకుండా ఉంది. కింద గుండ్రటి అక్షరాలు.

పుట్టింది: అమ్మ పోయిన రోజు.
అరుపు: ఊఁ.

ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపేశాను.

"వీణ్ణి ఎలా చంపాలమ్మా?"

అమ్మాయి పాచికలన్నీ ఏరి డబ్బాలో వేసేసింది.

"ఇంక అక్కర్లేదు నాన్నా. వెనక రాశాను."

కార్డు తిప్పాను.

'వాడంతట వాడు నన్ను ఏదైనా ఒక్కటి అడిగితే చాలు. చచ్చిపోతాడు.'