మామగారి హీలియోట్రోప్

"గంటలో ఇంట్లో ఉంటాం అమ్మాయ్. మొక్క పూసిందా?" అని మామగారు ఫోన్లో అడిగేసరికి కొత్తకోడలు కిటికీ వైపు చూసింది. పూయడం మాట దేవుడెరుగు, అక్కడి హీలియోట్రోప్ పూలమొక్క ఆకులు నల్లబడి, మొగ్గలతో సహా మాడిపోయింది.

"పూసింది మామయ్యా," అంది.

కాపురానికి వచ్చి నెల కాలేదు. ఆయన ప్రాణంలా చూసుకునే మొక్కని నమ్మి అప్పజెప్పి ఊరెళ్ళారు. మొక్కని చంపిన కోడలన్న పేరు ఇక జన్మలో పోదు. కుండీ చంకనెత్తుకుని నర్సరీకి పరుగెత్తింది.

"నీళ్ళు మానేశారా? దీనికి మట్టి తడారితే పనైపోయినట్టే," అన్నాడు నర్సరీ అతను.

"ఎక్కువ పోస్తే కుళ్ళిపోతుందేమోనని భయపడ్డానండీ. అచ్చం ఇలాంటిదే, పువ్వులున్నది, ఈ కుండీలోనే పెట్టివ్వండి. తొందరగా."

అతను ఊదారంగు గుత్తులున్న మొక్క తెచ్చాడు. ఆమె ముక్కు ఆనించి చూసింది. ఏమీ లేదు.

"ఇది రంగు కోసం పెంచే రకం. వాసనుండదమ్మా."

"మామయ్యగారి మొక్క పూస్తే ఇల్లంతా వెనిలా వాసనట. వచ్చినవాళ్ళందరికీ అత్తయ్యగారే చెబుతారు."

"అయితే ఆవిడకి పడిశం పట్టాలని మొక్కుకోండి," అని నవ్వాడతను. ఆమెకి నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి వంటింటి అలమరాలన్నీ గాలించింది. కేకుల్లో వేసే వెనిలా ఎసెన్స్ దొరికింది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో ఒక్కో గుత్తికీ అద్దింది. తొందరలో కొంత నేలమీద ఒలికింది. తుడుస్తుండగానే కాలింగ్ బెల్ మోగింది.

మామగారు చెప్పులైనా విప్పకుండా కిటికీ దగ్గరికెళ్ళారు. "ఏమేవ్, ఇలా రా. వాసన ఎలా ఉందో చెప్పు."

అత్తగారు వంగింది. వంగిన మనిషి ఎంతకీ లేవదు.

"గుప్పుమంటోందండీ," అంది అత్తగారు చివరికి.

ఆయన మొహం వెలిగిపోయింది. "నే చెప్పలా? మా కోడలిది మంచి చెయ్యి," అంటూ స్నానానికి వెళ్ళారు.

బాత్రూం తలుపు పడగానే అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఆయనకి పుట్టినప్పట్నుంచీ ముక్కుకి వాసన తెలీదు. మొక్కకి వాసన లేదంటే చిన్నబుచ్చుకుంటారని ఇన్నేళ్ళుగా ఇంటిల్లిపాదీ అబద్ధమాడుతున్నాం గానీ, దానికి ఏనాడూ వాసన లేదు. ఇప్పుడు చెప్పు, ఆయన మొక్క ఏది?"