పైభాగంలో నీడ

“మూడు కత్తెర్లు చాలు గదా. ఆడోళ్లు అంతే ఇస్తారు,” అన్నాడు మొగుడు మునీంద్ర.

“మొత్తం ఇస్తానని మొక్కుకున్నా,” అంది భువనేశ్వరి.

కల్యాణకట్టలో తల తడిపారు. కత్తి ఆడుతుంటే జుట్టు ఒళ్లో పడింది. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయించిన నాటి నుంచి ఆమెకు ఏడుపే కాదు, ఆకలీ నిద్రా కూడా సరిగ్గా రావడం లేదు.

ఆ రోజు తిరుపతిలో ఒంటి మీదివన్నీ తీయమన్నారు. తాళి కూడా తీసి మొగుడి చేతిలో పెట్టింది. గౌను ముడి వెనకాల ఉంటే, జడ అడ్డమొస్తోందని ముందుకు లాక్కుంది. ఛాతీని పలకకు ఆనించి ఊపిరి బిగబట్టింది.

“పైభాగంలో నీడ ఉంది,” అన్నాడు డాక్టరు. “నీడంటే రోగమే అని కాదమ్మా. మానిపోయిన పాత మచ్చ కావచ్చు, టీబీ కావచ్చు, గడ్డయినా కావచ్చు. స్కాన్ తీస్తేగానీ తేలదు.”

నగరిలో ఇల్లు చేరగానే అత్త చౌడమ్మ తేల్చేసింది.

“టీబీ అంటే అంటుకుంటాది. బిడ్డను ఇట్లియ్యి!”

ఏడాది నిండని హేమశ్రీని కోడలి చంకలోంచి లాగేసుకుంది. ముసలామెను అనడానికీ లేదు, ఆమె చెల్లెలు ఆ రోగంతోనే పోయింది. భువనేశ్వరి మగ్గాల షెడ్డు పక్క గదిలో పడుకుంది. మరమగ్గాల మోత ఆగినప్పుడల్లా గోడవతల బిడ్డ ఏడుపు వినపడేది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలిపాయి. స్కానుకు డబ్బు కూడేలోపు పాలూ ఇంకిపోయాయి.

కొండ దిగిన మర్నాడే స్కాన్ తీశారు.

“ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఏమీ లేదు,” అన్నాడు డాక్టరు.

“సామి తీసేసినాడు సార్!” మునీంద్ర కళ్లు తుడుచుకున్నాడు. వరండాలో ఉన్న తల్లి దగ్గర్నుంచి బిడ్డను ఎత్తుకొచ్చాడు. “ఇదిగో, పట్టుకో.”

హేమశ్రీ గుండు చూసి జడుసుకుంది. తండ్రి మెడ కరుచుకుని గుక్కపట్టింది. భువనేశ్వరి చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

“నాలుగు దినాలు పోతే అలవాటైతాదిలే,” అన్నాడు మునీంద్ర.

ఆమె డాక్టరు వైపు తిరిగింది. “ఆ నీడ యాడికి పోయింది సార్?”

డాక్టరు పాత ఫిల్మును మళ్లీ వెలుగుకు ఎత్తాడు. “ఇది తీసేటప్పుడు ఒంటి మీదివన్నీ తీసేశావా?”

“తాళి గూడా తీసినా సార్.”

ఆయన ఫిల్మును చూశాడు, ఆమె గుండును చూశాడు.

“ఈ నీడ నీ జడదమ్మా.”