మాస్టారి మాట

"ముగింపు తేలిపోయిందిరా," అన్నారు మాస్టారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. "మొదలు కూడా సాగదీసినట్టుంది. అన్నిటికంటే ముఖ్యం, మాటలు ఎక్కువ. కథంటే కబుర్లు కాదు కదా!"

లిఫ్టు మెకానిక్ తల ఊపాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, 'మాటలు తగ్గించాలి' అని రాసుకున్నాడు.

"పోటీకి పంపమంటారా మాస్టారూ? ఇంకా నాలుగు రోజులు గడువుంది."

"పంపుకో. నవ్విపోతారు. నా దగ్గరే ఉండనీ, ఎక్కడికి పోతుంది? వచ్చే నెల ఇంకోటి పట్టుకురా, చూద్దాం."

అతను పోటీకి పంపలేదు. ఇంటికి వెళ్ళి చిత్తుప్రతి కూడా చింపేశాడు.

మాస్టారి మాటంటే అతనికి అంత గురి. తొమ్మిదో తరగతిలో అతను రాసిన వ్యాసాన్ని ఆయన క్లాసులో నిలబడి పైకి చదివారు. నలభై మంది చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అతని బతుకులో చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు.

పన్నెండంతస్తుల మేడ మీద, లిఫ్టు మోటారు గదిలో కూర్చుని రాసేవాడతను. మధ్యాహ్నం క్యారేజీ ఐదు నిమిషాల్లో ముగించి, మిగిలిన పాతిక నిమిషాలూ తనిఖీ కాగితాల వెనక పెన్సిలు నడిపేవాడు. కథలకు కరువు లేదు. లిఫ్టులో మెకానిక్ ఉన్నా లేనట్టే. జనం అతని ముందే పోట్లాడుకునేవారు, ఏడ్చేవారు, అబద్ధాలాడేవారు. ఆ మాటలు చెవినబడ్డవి పడ్డట్టు కాగితం మీద పెట్టేవాడు. ఆదివారం పొద్దున సాపుప్రతి రాసి, కవరులో పెట్టి, గమ్ముతో అంటించి, పైన తేదీ వేసేవాడు. నెలాఖరున మాస్టారికి కొత్త కవరు ఇచ్చి, పాత కథ మీద తీర్పు విని వచ్చేవాడు.

ఆ పోటీ కథ రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టులో తల్లీకూతుళ్ళది. ఏళ్ళ తరబడి మాటల్లేనివాళ్ళు నలభై నిమిషాలు మాట్లాడుకుంటారు. అది రాసినప్పుడు భార్యకు చదివి వినిపించాడు. ఆమె కుట్టుమిషను ఆపేసి వింది. అయిపోయాక చాలాసేపు సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది.

"మాస్టారు బాలేదన్నారు," అని అతను చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు.

"నాకు బావుంది కదండీ."

"నీకేం తెలుసు? నువ్వు జాకెట్లు కుడతావు."

ఆమె మిషను వైపు తిరిగింది. అతను ఇంకెప్పుడూ ఆమెకు చదివి వినిపించలేదు.

పదకొండేళ్ళు గడిచాయి. మాస్టారు వర్ణన పెంచమంటే పెంచాడు, తగ్గించమంటే తగ్గించాడు. మాటలు మాత్రం పూర్తిగా తీసేశాడు. మోటారు గదిలో పెన్సిలు ఇదివరకటిలా పరుగెత్తడం మానేసింది. ఒకసారి ఇల్లు సర్దుతూ భార్య ఒక చిత్తుకాగితం చూసింది.

"మీ కథల్లో మనుషులు మాట్లాడుకోవడం మానేశారేవండీ? మనలాగే?" అంది. అతను కాగితం లాక్కున్నాడు.

ఒకరోజు ఆమే ఫోను పట్టుకుని పరుగున వచ్చింది.

"ఇది చూడండి. మీ కథే!"

ఏదో కథల సైటు. ఇరుక్కుపోయిన లిఫ్టు, తల్లీకూతుళ్ళు. కింద వందల మంది మెచ్చుకోళ్ళు. రాసిన మనిషిది మారుపేరు.

"వాళ్ళెవరికో అలాంటి ఊహే వచ్చుంటుంది," అన్నాడతను.

"మీ కథకు ఉన్నది ఒక్కటే ప్రతి. అది ఎవరి దగ్గరుంది?"

ఉన్నది మాస్టారి దగ్గరే. ఆ పూట అన్నం సయించలేదు. మండిపోయాడు. కానీ ఆ మంట అడుగున, ఎవరికీ చెప్పుకోలేని ఒక చిన్న సంతోషం కూడా ఉంది. దొంగిలించారంటే, దొంగిలించదగ్గట్టు రాశాడన్నమాట.

ఆ నెల మాస్టారింటికి వెళ్ళలేదు. ఆయన ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ మరుసటి నెలా అంతే.

మూడో నెలలో మాస్టారి కూతురు ఫోను చేసింది.

"నాన్నగారు పోయి పది రోజులైందన్నయ్యా. ఇల్లు ఖాళీ చేస్తున్నాం. మీ కవర్లున్నాయి, వచ్చి తీసుకెళ్తారా?"

వెళ్ళాడు. కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. ఆమె లోపలి గదిలోంచి అట్టపెట్టె మోసుకొచ్చింది.

"వీటిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు," అంది. "మీరొచ్చే రోజు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. అమ్మ పోయాక ఈ ఇంటికి వచ్చే మనిషి మీరొక్కరే కదా! చివరి రెండు నెలలూ గుమ్మం వైపే చూశారు. 'వాడికి నా మీద కోపమొచ్చిందేమోనే' అన్నారు ఓసారి."



"నాన్నగారు ఏమైనా... నా కథలు ఎవరికైనా పంపేవారా అమ్మా?" అని ఎలాగో అడిగాడు.

"అయ్యో, లేదన్నయ్యా! ఆయనకు ఫోను ఎత్తడం, పెట్టడం తప్ప ఏం తెలుసు?"

సిగ్గుతో అతని తల వాలిపోయింది. ఇన్నేళ్ళు తన కథలన్నీ ఓపిగ్గా చదివిన మనిషిని దొంగ అనుకున్నాడు. ఒక్క ఫోను ఎత్తి ఉంటే ఆ ప్రాణం ప్రశాంతంగా పోయేది. కళ్ళు తుడుచుకుంటూ నేల మీద కూలబడ్డాడు.

పెట్టె విప్పి కవర్లు ఒక్కొక్కటే బయటకు తీశాడు. అన్నీ తేదీల వరసలో, చక్కగా పేర్చి ఉన్నాయి. పైది తిప్పి చూశాడు. దాని కిందిది తిప్పాడు. ఆ కిందిది. అడుగున ఉన్న తల్లీకూతుళ్ళ కథ దాకా వెళ్ళాడు.

ఒక్క కవరు కూడా తెరిచి లేదు.