పానా మీద ఒట్టు

"బయటికి రా, బాలమల్లు! నీ పనితనం నలుగురికీ చూపిస్త!"

పిట్లం రోడ్డులో మెకానిక్ షెడ్డు ముందు నల్ల బండి ఆపీ ఆపకముందే దయానంద్ అరుపు అందుకున్నాడు. పెళ్లికి తొడుక్కున్న తెల్ల చొక్కా నిండా బురద చుక్కలు. వానకి బండి కూడా నంబరు కనపడకుండా ట్యాంకు దాకా బురదలో మునిగి లేచినట్టుంది.

లోపల స్కూటరు చక్రం విప్పుతున్న బాలమల్లు తల ఎత్తలేదు. అరిచే గిరాకీని చూసి గబుక్కున లేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని అతని లెక్క. బాన్సువాడలో మెకానిక్కులకేం కొదవ లేదు. కానీ బండి ముందు చక్రం కుదుపులు ఆపే ఫోర్కుల పని అంటే మాత్రం జనం బాలమల్లు పేరే చెబుతారు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

"ఏందయ్యా, పెళ్లి బంతిల ముక్కలు పడలేదా? గీడికొచ్చి మొరుగుతున్నవ్?"

"నిన్ననే కదా ఫోర్కులు చేసిచ్చినవ్! ఫంక్షన్ హాల్ నుంచి గీడికొచ్చేసరికి చేతులు పడిపోయినయ్. గుంతల పడితే హ్యాండిల్ టకటక కొట్టుకుంటుంది. బ్రేకేస్తే ముందుకు ముక్కు పొడుస్తుంది. గిటు చూడు, ఆయిల్ ఎట్ల కారుతుందో!"

బాలమల్లు వచ్చి వంగి చూశాడు. నిజమే. ఫోర్కు రాడ్డు చుట్టూ జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకున్న మట్టి.

"ఆయిల్ కారకుండ కొత్త సీళ్లు ఏసిన. రెండు దిక్కుల సమంగ కొలిచి ఆయిల్ పోసిన. ఇద్దరెక్కే బండి, గుంతల తొవ్వ అని పల్చటిది వద్దనుకొని చిక్కటి ఫోర్క్ ఆయిలే పోసిన. నువ్వే ఏడనో గుద్దుకొని నా మీద పడుతున్నవ్!"

"ఫోర్క్ ఆయిలా? ఎవని ఇంజన్ల కెళ్లో తీసిన మాడిపోయిన ఆయిల్ పోసుంటవ్!"

బాలమల్లుకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికే పక్క టీ బండి దగ్గరి జనం చేతుల్లో గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. వాళ్లందరి ముందు ఆ మాట! ఏటా దసరాకు బొట్టు పెట్టి మొక్కే పెద్ద పానా తీసి కళ్లకద్దుకున్నాడు.

"గీ పానా మీద ఒట్టు! దీంట్ల నుంచి పాత సీలు ఎల్లినా, ఇంజన్ ఆయిల్ ఎల్లినా, ఇయ్యాల్టి సంది మళ్ల పానా ముట్ట. దుకాణం బంద్! ఎల్లకపోతే నువ్వు అందరి ముంగట నా కాళ్లు మొక్కాలె."

"మొక్కుత! ఇప్పు!"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. కోపంలో ఉన్నవాడికి పెద్దలెక్కడ గుర్తొస్తారు? బాలమల్లు ముందు చక్రం ఊడదీశాడు. ఒక పక్క ఫోర్కు లాగి, మూత విప్పి, ఇనుప గిన్నెలోకి వంచాడు.

నల్లగా, నీళ్లలా పల్చగా కారింది. మాడు వాసన గుప్పుమంది. జనంలో ఎవరో ముక్కు మూసుకున్నారు.

బాలమల్లు గిన్నెలో వేలు ముంచి చూశాడు. గబగబా సీలు పెకిలించాడు. ఎండిన తోలులా బిగుసుకుపోయి, అంచులు చిరిగి బయటికొచ్చింది. ఏళ్ల తరబడి అరిగిన సీలు అది. చూస్తే పిల్లలకైనా తెలుస్తుంది.

"గిది నేనేసింది కాదు! నిన్న నేనే బొటనేలుతోని నొక్కి కూసోబెట్టిన. ఎవడో మార్చిండు!"

"అవునా?" దయానంద్ చప్పట్లు కొట్టాడు. "దొంగ రాత్రికి రాత్రి మా ఇంటికొచ్చి, కొత్త సీళ్లు ఎత్తుకపోయి, పాతయి బిగించి, పోతపోత ఆయిల్ కూడ మార్చిపోయిండా?"

జనం గొల్లుమన్నారు. బాలమల్లు ఆ సీలును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకవేళ తనకే మతి తప్పిందా? ఇంకెవరి బండికో వేసి, ఈ బండికి వేశాననుకున్నాడా? తన చేతుల్ని తనే నమ్మలేని స్థితి వచ్చేసరికి ఆ మొండి మనిషికి ఏడుపొచ్చినంత పనైంది.

స్కూటరు కోసం కూర్చున్న సుమన్ మెల్లగా లేచాడు. "అన్నా, నా చక్రం బిగించియ్యి. ఇంకో దిక్కు చూసుకుంట."

"ఆయనెట్ల బిగిస్తడు? ఇగ పానా ముట్టనని ఒట్టేసిండు కదా!" అన్నాడు దయానంద్. "చూస్తవేంది బాలమల్లు? షటర్ గుంజు! మాట మీద నిలబడేటోనివైతే గుంజు!"

బాలమల్లు పానాను గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. ఎవరి మొహమూ చూడలేదు. షటర్ అందుకుని సగం దాకా కిందికి లాగాడు. అడ్డుపడి వద్దన్నవాడు ఒక్కడూ లేడు.

దయానంద్ ఫోను మోగింది. భార్య సుచరిత. అందరికీ వినపడాలని స్పీకరు పెట్టి, ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

"సుచరితా, గీ దొంగను నలుగుర్ల నిలబెట్టిన! ఆడు ఇంటున్నడు, నువ్వు కూడ రెండు తిట్టు!"

"తిట్టుడు తర్వాత, పెళ్లికి పెరుగు తెస్తనని పోయినోడివి ఏడున్నవ్?" సుచరిత కేకేసింది. "మన బండి గీడనే, నా ముంగటనే ఉన్నది! పక్కన పెట్టిన తన నల్ల బండి కనిపిస్తలేదని పెద్ద కొడప్‌గల్ నుంచి పెళ్లికొచ్చిన ఆయన పోలీసులను పిలిపిచ్చిండు. గా అరిగిపోయిన తాళంచెవి దేనికి పడితే దాన్నే ఎత్తుకపోయినవా ఏంది?"