ఆరా తీయను వచ్చినామె

నిమ్మకాయ ఊరగాయ జాడీ కోసం తల్లీకూతుళ్లు పెనుగులాడుతున్నారు.

“ఒక్క బద్దమ్మా!”

“ఉప్పు ముట్టొద్దని డాక్టరు మొత్తుకున్యాడు. ఇడువు!” కృష్ణవేణమ్మ జాడీ లాక్కుంది.

“నువ్వు నంజుకుంటా నాకు చెప్తాండావు.”

ధనలక్ష్మి ముక్కు మీదుగా రెండు చెంపలకూ పాకిన ఎర్రమచ్చ మరింత కందింది.

లూపస్. ఒంటిని కాయాల్సిన రక్తమే ఒంటి మీద తిరగబడే జబ్బు. మూత్రపిండాల దాకా వచ్చేసింది.

“రక్తంలో దీని గుర్తులు అందరికీ ఒకటిగా ఉండవు, వంశాన్ని బట్టి మారతాయి,” అన్నాడు పోయిన వారం ప్రొద్దుటూరు డాక్టరు. “మీ వాళ్లలో ఇంకెవరికైనా ఉంటే పిలిపించండి. పోల్చి చూస్తే మందుకు కొంత దారి దొరుకుతుంది.”

“ఎవురికీ లేదు. నాకు తోడబుట్టినోళ్లే లేరు,” అన్నాడు ధనలక్ష్మి తండ్రి హనుమంతయ్య.

ఇంతలో వాకిట్లో ఎవరో పిలిచారు.

ముఖం నిండా కొంగు కప్పుకున్న ఆడమనిషి. కృష్ణవేణమ్మ కిటికీలోంచే అడిగింది.

“యా ఊరు?”

“ఎగువపల్లె.”

తమ ఇంటితో పగలున్న ఎదుటి పార్టీ ఊరు!

“మీ ఆయన ఇంట్లో ఉండాడామ్మా?”

“ఏం పని?”

“పాప జబ్బు సంగతి. ఆయనతోనే చెప్పాల. ఎప్పుడొస్తాడు?”

కృష్ణవేణమ్మకు పాత సంగతి గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట ఇట్లాగే ఎవరో వచ్చి తన మామగారు ఇంట్లో ఉన్నాడా అని అడిగి పోయారు. వాళ్ల వెనకాలే వేటకొడవళ్లు వచ్చాయి.

“లేడు. పో!”

“పాపనైనా ఒక్కసారి చూపీమ్మా...”

“పోతావా, మనుషుల్ని పిలవాల్నా?”

ఆమె కాళ్లు ఈడ్చుకుంటూ వీధి చివర ఆగిన జీపు వైపు నడిచింది.

కృష్ణవేణమ్మ పెరటి గోడ మీదుగా పెంచలయ్యను కేకేసింది. అతను తమ పార్టీ మనిషే.

“ఎగువపల్లోళ్లు ఆరా తీయను ఆడదాన్ని పంపినారప్పా!”

“మొగోళ్లు కరువైనారేమో అక్కా,” పెంచలయ్య నవ్వుతూ పంచె ఎగ్గట్టాడు. “నేను చూసుకుంటాలే.”

పొద్దుగూకేసరికి హనుమంతయ్య వచ్చి, కూతురి పక్కన అన్నానికి కూర్చున్నాడు. పెంచలయ్య గడప దగ్గర నిలబడి చెప్పాడు.

“జమ్మలమడుగు రోడ్డు మలుపులో అడ్డం పడినాం బావా. బాంబు పడంగానే జీపులో మొగోళ్లు దూకి పారిపోయినారు. ఆయమ్మ దిగలేక దాంట్లోనే పోయింది. మోకాళ్లు అంతలావు వాచి ఉండాయి. మొగం మీద మన పాప మాదిరే ఎర్రమచ్చ. పేరు వనజమ్మంట.”

కృష్ణవేణమ్మ గరిటె కింద పెట్టేసింది.

హనుమంతయ్య కలిపిన ముద్దను వదిలేసి, కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

“పొయ్యి ఆర్పండి. మనకు మైల,” అన్నాడు. “ఎగువపల్లోణ్ణి పెండ్లి చేసుకుని పోయిందని, లేదనుకున్న నా చెల్లెలు ఆయమ్మ.”